చర్చి సంఘాలు పంచే సరుకుల కిట్లు: రెడీమేడ్ సంచి, కిరాణా మూట, దుకాణం చీటీ - ఏది ఎవరింటికి పనికొస్తుంది

సూపర్ మార్కెట్లలో గ్రోసరీ కిట్ పేరుతో అమ్మే సంచిని విప్పి బల్ల మీద పరిస్తే మామూలుగా కనబడేవి ఇవి: పది కిలోల బియ్యం, అర కిలో కందిపప్పు, పామాయిలు ప్యాకెట్ ఒకటి, కిలో పంచదార, కిలో గోధుమపిండి, ఉప్పు, వంద గ్రాముల కారం, చిన్న పసుపు పొట్లం, రెండు సబ్బులు, ఒక బిస్కెట్ ప్యాకెట్. సంచి నిండుగా, బరువుగా ఉంటుంది. ఫోన్ చేస్తే చర్చి గుమ్మం దాకా తెచ్చి దించుతారు. డిసెంబరు వచ్చిందంటే చర్చి సంఘాలు పేద ఇళ్లకు పంచడానికి దీన్ని వందల లెక్కన కొంటాయి. ఈ సంచినీ, సంఘం వాళ్లు హోల్‌సేల్ కిరాణాలో కొని సొంతంగా కట్టే మూటనూ, పేటలోని దుకాణంలో సరుకులు తీసుకొమ్మని ఇచ్చే చీటీనీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. సంఘం తరఫున సరుకులు కొనే పెద్దలకూ స్త్రీల సమాజం వారికీ పనికిరావాలని రాస్తున్నది ఇది.

రెడీమేడ్ సంచిలో పెద్ద లోపం బియ్యం. పది కిలోల బియ్యం వేయగానే సంచి ఖరీదులో సగానికి దగ్గరగా దానికే పోతుంది. కానీ రేషన్ కార్డున్న ఇంట్లో లేనిది బియ్యం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కార్డులోని ఒక్కో మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా వస్తాయి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి ఒక్కొక్కరికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అతి పేదలకిచ్చే అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు. నలుగురున్న ఇంట్లో ఎటూ 20 నుంచి 24 కిలోల బియ్యం ఉంటుంది. ఆ బియ్యంలోకి కలుపుకోవడానికే ఏమీ ఉండదు. నెలాఖరులో ఆ ఇంటి కంచంలో కనబడేది అన్నం, పచ్చిమిరపకాయ, చింతపండు పులుసు.

ఇప్పుడు అదే సంచిలోని అర కిలో కందిపప్పును లెక్కేయండి. నలుగురికి నెల రోజులంటే మనిషికి రోజుకు 4 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పప్పులు, గుడ్లు, మాంసం కలిపి మనిషికి రోజుకు 85 గ్రాములు ఉండాలి. 85 ఎక్కడ, 4 ఎక్కడ! పది కిలోల సన్నబియ్యం పెట్టే సొమ్ముతో ఊరిని బట్టి మూడు నుంచి నాలుగు కిలోల కందిపప్పు వస్తుంది. బియ్యం తీసేసి పప్పు పెంచడం ఒక్కటి చేసినా సంచి విలువ మారిపోతుంది.

బియ్యం నిజంగా కావలసిన ఇళ్లూ ఉన్నాయి. కార్డు లేని వలస కూలీలు, పెళ్లై వేరుపడినా కొత్త కార్డు రాని జంటలు, వేలిముద్రలు అరిగిపోయి రేషన్ దుకాణంలోని ఈపోస్ మిషన్ దగ్గర ప్రతి నెలా తిప్పలుపడే ముసలివాళ్లు. వీళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టుకుని వీళ్లకు మాత్రం బియ్యం విడిగా ఇవ్వాలి. వందమందికీ ఒకే సంచి ఇవ్వాలన్న పట్టుదలే ఇక్కడ తప్పు. రెడీమేడ్ సంచికి 10కి 4 మార్కులు వేస్తాం. వరదలొచ్చి రాత్రికి రాత్రి సరుకులు కావలసి వచ్చినప్పుడైతే 8 వేస్తాం. అప్పుడు ఇంట్లో ఉన్న బియ్యమూ తడిసిపోయి ఉంటుంది.

ఇక హోల్‌సేల్‌లో కొని కట్టే మూట. శ్రమ ఎక్కువ, కానీ సరుకు మన చేతిలో ఉంటుంది. ఖర్చూ తగ్గుతుంది. 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. బజారులో 26 కిలోల బియ్యం బస్తాలు కనబడటానికి కారణం అదే. పెద్ద బస్తా కొని విడగొట్టుకుంటే ఆ పన్ను మిగులుతుంది. దుకాణం లాభం కూడా కొంత మిగులుతుంది.

రేషన్ కార్డున్న, నలుగురున్న ఇంటికి మేం సరైనదనుకునే మూట ఇది: కందిపప్పు 2 కిలోలు, పెసరపప్పు కిలో, వేరుశనగ గుళ్లు కిలో, నూనె 2 లీటర్లు, చింతపండు అర కిలో, కారం పావు కిలో, ఉప్పు కిలో, పసుపు వంద గ్రాములు, ఒంటి సబ్బులు రెండు, బట్టల సబ్బులు రెండు. పప్పులు, గుళ్లు కలిపి 4 కిలోలు. అంటే మనిషికి రోజుకు 33 గ్రాములు. 85కి ఇంకా చాలా దూరమే, అయినా వారంలో నాలుగైదు రోజులు చిక్కటి పప్పు ఉడుకుతుంది. ఒంటరిగా ఉండే అవ్వకు ఇదే మూటను సగం చేసి ఇస్తే కుదరదు. పళ్లు లేనివారికి వేరుశనగ గుళ్లు దేనికి? వాటి బదులు పెసరపప్పు పెంచి, ఉప్మా రవ్వ, అటుకులు వేయాలి. నూనె లీటరు ప్యాకెట్ ఒకటి కాకుండా అర లీటరువి రెండు ఇవ్వాలి. చేతులు వణికే మనిషి లీటరు కవరు మూల కత్తిరించి సీసాలోకి వంపుకోవడం ఎంత కష్టమో ఒకసారి పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది.

కందిపప్పు కొనేటప్పుడు తొందరపడొద్దు. బస్తా పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి గుప్పెడు గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పోయండి. కంది బద్ద ఒక పక్క గుండ్రంగా ఉబ్బి, రెండో పక్క చదునుగా ఉంటుంది. మూలలు తేలి, గొడ్డలి ముక్కలా కనబడే బద్దలుంటే అది లంకపప్పు. దాన్ని ఎక్కువగా, ఎక్కువ కాలం తింటే కాళ్లు చచ్చుబడే జబ్బు వస్తుంది. పేదవాళ్లకు పంచే చౌక పప్పులోనే దీని భయం ఎక్కువ, అందుకే ఇంతగా చెప్పాల్సి వస్తోంది. అలాగే బఠాణీ పప్పు కలిపారేమో చూడాలి. రంగు మరీ పచ్చగా మెరుస్తుంటే గ్లాసు నీళ్లలో చారెడు వేసి కదపండి. నీళ్లకు చిక్కటి పసుపు దిగితే ఆ బస్తా వద్దని చెప్పండి.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని చాలామంది చేయరు. వంద గ్రాములు ఇంటికి తెచ్చి కుక్కర్ లేకుండా మామూలు గిన్నెలో ఉడికించాలి. పాత సరుకైతే గంట దాటినా పలుకు విరగదు. ధర పది రూపాయలు తక్కువని అలాంటి పప్పు కొంటే, ఆ పది రూపాయలూ పేదింటి గ్యాస్ బండలోంచి పోతాయి. కట్టెలపొయ్యి మీద వండే ఇంట్లో కట్టెలూ, మనిషి కళ్లూ ఖర్చవుతాయి.

నూనె కవరు మీద ధర కంటే ముందు బరువు చదవండి. లీటరు పొద్దుతిరుగుడు నూనె 910 గ్రాములు తూగుతుంది. అదే సైజులో కనబడే కవరు మీద 850 గ్రాములని ఉంటే వంద ప్యాకెట్లకు 6 కిలోల నూనె తగ్గినట్టు. పక్క దుకాణం కంటే చవకగా ఇస్తున్నామని చెప్పినప్పుడు ముందు చూడాల్సింది ఈ అంకెనే.

మూట కట్టే రోజు జరిగే తప్పులు దాదాపు ప్రతిచోటా ఒకటే. వంద ఇళ్లకు రెండేసి కిలోల కందిపప్పు అంటే 200 కిలోలు కదా అని 50 కిలోల బస్తాలు నాలుగే తెస్తారు. దుమ్ము, నూక, నేల పాలయ్యేది, తూకంలో చెయ్యి జారేది కలిసి ఆఖరి రెండు మూటలకు పప్పు చాలదు. 204 కిలోలు పెట్టుకోండి. సబ్బులను పప్పుతో పాటు ఒకే సంచిలో ఊరికే పడేస్తే రెండు రోజుల్లో పప్పుకు సబ్బు వాసన పడుతుంది, ఉడికినా పోదు. సబ్బులన్నిటినీ ఒక కవరులో ముడివేసి పైన పెట్టాలి. నూనె ప్యాకెట్ అడుగున వేస్తే ఆటోలో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు అతుకు విడిపోతుంది. ఒక్క ప్యాకెట్ కారినా పది మూటలు పాడవుతాయి. నూనెను వేరే అట్టపెట్టెలోనే తీసుకెళ్లి, ఇంటి గుమ్మం దగ్గర చేతికివ్వడం మంచిది. వానాకాలంలో ఉప్పు, చింతపండు చెమ్మ పడతాయి కాబట్టి పక్కపక్కన వద్దు. రవ్వను పంచే వారంలోనే కొనాలి, నెల ముందు కొంటే పురుగు పడుతుంది.

సంచి విషయం. సంఘం పేరు, దాత ఫొటో పెద్ద అక్షరాలతో అచ్చువేయించిన సంచులకు పెట్టే డబ్బుతో చాలా సబ్బులు వస్తాయి. డబ్బు సంగతి అటుంచి, ఆ సంచి పట్టుకుని ఒక తల్లి వీధి చివర నుంచి ఇంటిదాకా నడిచి రావాలి. ఏ గుర్తూ లేని మామూలు గుడ్డసంచి ఇస్తే ఆమె బజారు నుంచి వస్తున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత కూరగాయలకూ పనికొస్తుంది. ఇవన్నీ పాటించిన మూటకు 10కి 7 మార్కులు.

మూడోది చీటీ. నడవగలిగి, తన ఇల్లు తాను చక్కబెట్టుకోగల మనిషికి ఇదే అన్నిటికన్నా మంచిదని మా నిర్ణయం. కారణం తేలిక. ఒక ఇంట్లో పప్పుంటుంది, పాలుండవు. ఇంకో ఇంట్లో ఆడపిల్లకు ప్యాడ్లు కావాలి, ఆ మాట పెద్దల ముందు ఎవరూ నోరు తెరిచి చెప్పరు. మూటలో గుడ్లు పెట్టలేం. చీటీ ఉంటే ముప్పై గుడ్ల అట్ట తెచ్చుకోవచ్చు. ఏం కొనాలో ఆ ఇంటి ఆడమనిషే తేల్చుకుంటుంది.

నడిపే పద్ధతి ఇలా ఉండాలి. వాళ్లు ఎప్పుడూ కొనే పేటలోని దుకాణాల్లో రెండింటితో మాట్లాడుకోవాలి, ఒక్కదానితో వద్దు. రెండు ముక్కల చీటీ అచ్చువేయించి వరుస నంబరు, మొత్తం, గడువు తేదీ రాయాలి. పేరు అక్కర్లేదు, నంబరు చాలు. ఎవరి నంబరు ఏదో సంఘం పుస్తకంలో ఉంటుంది. పప్పులు, నూనె, గుడ్లు, పాలు, కూరగాయలు, సబ్బులు, ప్యాడ్లు, పిల్లల నోటు పుస్తకాలు తీసుకోవచ్చు. గుట్కా, సిగరెట్లు, కూల్‌డ్రింకులు ఇవ్వొద్దని దుకాణదారుకు ముందే చెప్పాలి. సగం ముక్క, దానికి కుట్టిన బిల్లు చేతికొచ్చాకే డబ్బు చెల్లించాలి.

చీటీ చెడిపోయేది మూడు చోట్ల. ఒకటి, దుకాణదారు చీటీ తీసుకుని పాత బాకీ కింద జమ వేసుకుని సరుకులివ్వకుండా పంపేస్తాడు. ఇది బాగా జరుగుతుంది. ఆ ఇంటికి కిరాణా బాకీ ఎంతుందో ముందే కనుక్కుని, వీలైతే ఆ బాకీలో కొంత సంఘమే విడిగా కట్టడం మంచిది. రెండు, చీటీ వాళ్లకు ధర పెంచి రాయడం. నెలకొకసారి రెండు బిల్లులు తీసి కవరు మీది ఎమ్మార్పీతో పోల్చి చూస్తే ఇది ఆగుతుంది. మూడోది పూర్తిగా మన తప్పు: దుకాణానికి డబ్బు ఆలస్యంగా ఇవ్వడం. రెండు నెలలు బకాయి పెడితే ఆ కోపం చీటీ పట్టుకొచ్చిన ముసలాయన మీద, పదిమంది ముందు పడుతుంది. వారంలో చెల్లించలేని సంఘం చీటీలు మొదలుపెట్టకూడదు. సరిగ్గా నడిస్తే 10కి 9. మంచం దిగలేనివారికి మాత్రం మూటే. అదీ ఇద్దరు వెళ్లి, కాసేపు కూర్చుని, డబ్బాల్లో పోసి రావాలి.

ఎప్పుడివ్వాలన్నది సరుకంత ముఖ్యం. చాలా సంఘాలు నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆరాధన అయ్యాక పంచుతాయి. అందరూ వస్తారని ఆ రోజు పెట్టుకుంటారు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, విధవరాండ్రకు 4,000 రూపాయల పింఛను చేతికందేది నెల మొదట్లోనే. రేషన్ బియ్యం వచ్చేదీ నెల మొదటి సగంలోనే. ఇంట్లో కాస్త ఉన్నప్పుడే మనమూ తీసుకెళ్తున్నాం, 20వ తేదీ దాటాక ఎవరూ వెళ్లడం లేదు. మూడో ఆదివారానికి మార్చండి. తెలంగాణలో పింఛను 2,016 రూపాయలే కాబట్టి అక్కడ ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది.

ఏడాది లెక్కా అంతే. క్రిస్మస్‌కు సంచుల మీద సంచులు వస్తాయి. కోస్తా జిల్లాల్లో వరి కోతలతో కూలి దొరికే రోజులు అవే. కూలివాళ్ల ఇంట్లో చెయ్యి బిగిసేది పొలం పనులు తక్కువుండే ఏప్రిల్ నుంచి జూన్ దాకా. జూన్‌లో బళ్లు తెరవగానే పుస్తకాలు, చెప్పుల ఖర్చు మీద పడుతుంది. క్రిస్మస్‌కు కొత్తబట్టల సంతోషం ఉండనివ్వండి, అది తీసేయమనడం లేదు. ఏడాది సొమ్ములో సగమైనా వేసవికి అట్టేపెట్టండి.

పిడికెడు బియ్యం గురించీ ఒక మాట. అన్నం వండే ముందు తల్లి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చే పద్ధతి మన సంఘాల్లో ఉంది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తూ ఎంతో పెద్ద పరిచర్య నిలబెట్టారు. ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లే కాబట్టి దీన్ని వదులుకోకూడదు. చిక్కు ఎక్కడంటే, సన్నవి, దొడ్డువి, పాతవి, కొత్తవి, ఉప్పుడువి అన్నీ ఒకే డ్రమ్ములో కలిసిపోతాయి. వండితే కొన్ని ముద్దవుతాయి, కొన్ని పలుకుంటాయి. అలాంటివి ఒక పేద ఇంటికి పంపితే మిగిలినవి పెట్టినట్టుంటుంది. వచ్చిన బియ్యాన్ని అదే ఆదివారం ఆరాధన తర్వాత వేలం వేసి, ఆ డబ్బుతో పప్పు, నూనె కొనాలి. కొన్నవాళ్లు దోసెలకు, జంతికల పిండికి వాడుకుంటారు. బియ్యం ఎక్కువ రోజులు డ్రమ్ములో ఉంటే పురుగు పడుతుంది.

పేర్ల జాబితా పాస్టర్ గారు ఒక్కరే రాయకూడదు. ఆయన ఎంత మంచివారైనా సరే. బైబిల్లో చూస్తే, యెరూషలేము సంఘంలో యేసు శిష్యులైన అపొస్తలులే పంచుతున్నప్పుడు కూడా గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అప్పుడు ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. మన దగ్గర ముగ్గురు చాలు, అందులో ఒక్కరైనా స్త్రీ ఉండాలి, పాస్టర్ గారి బంధువులు ఉండకూడదు. ఇంటికెళ్లి "మీకు ఏం కష్టాలున్నాయి?" అని అడిగితే తలవంచుకుంటారు. "గ్యాస్ బండ ఎప్పుడు మార్చారమ్మా? ఈ నెల కొట్లో రాయించుకున్నది ఎంతుంది?" అని అడగండి. ఈ రెండు జవాబుల్లో ఆ ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది.

చర్చికి వచ్చేవాళ్లకే ఇవ్వాలా? 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్ నడిపిన క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని కల్పించారు. సాయం కోసమే జనం చేరతారేమోనని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంచి ఇచ్చే చోట హాజరు పట్టీ ఉండకూడదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఆయన పని చూపించి కూలి ఇచ్చారు. ఒంట్లో సత్తువ ఉన్నవారికి మన చేతనైన చోట అదే చేయాలి: చర్చి సున్నం పని, కుట్టు పని, వంట పని. బయటివాళ్లకిచ్చే కూలే ఇవ్వాలి, పైసా తగ్గించకూడదు.

ఫొటోలు వద్దు. ఇందులో గౌరవంతో పాటు చట్టం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారు మన రెండు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు. చర్చికి రాని ఎస్సీ కుటుంబాలు కూడా మన సంచి తీసుకుంటాయి. వాట్సాప్‌లో తిరిగే ఒక్క ఫొటో వాళ్ల పిల్లల కుల ధ్రువపత్రం దగ్గర లేనిపోని ప్రశ్నలు తెచ్చిపెడుతుంది. దాతకు రుజువు కావాలంటే బిల్లులు, నంబర్లున్న చీటీ ముక్కలు పంపండి.

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి డబ్బు పంపేవారికి: భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డున్నా సరే, పంపేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. పాస్టర్ గారి సొంత ఖాతాకు పంపించి పంచమనడం ఆయన్ని చిక్కుల్లోకి నెట్టడమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వంద ఇళ్లకు ఒక్క నెల ఇవ్వడం కంటే పన్నెండు ఇళ్లకు ఎనిమిది నెలలు ఇవ్వండి, ఖర్చు ఇంచుమించు అంతే. నాలుగు ఇళ్లకు మూట, ఎనిమిది ఇళ్లకు చీటీ. చీటీ ఒక్కింటికి 600 అనుకుంటే ఎనిమిది ఇళ్లకు నెలకు 4,800. మొదటి నెల సొమ్ము రెండు దుకాణాలకూ ముందుగానే కట్టేయండి. దుకాణదారు వాళ్లను కూర్చోమని స్టూలు వేసేది అప్పుడే.